చూడలేదు

ఈ పలక అంచున మా తాత వేలిముద్ర ఉంది,
మట్టి పచ్చిగా ఉన్నప్పుడు పట్టుకున్నచోట.
నా బొటనవేలు అందులో ఇమడదు. ఆయనది చిన్న చెయ్యి.

బాబిలోన్ గుడి మిద్దె మీద కూర్చుని లాబాషి రాసింది ఇదీ:
"పన్నెండో రాత్రి. శని, తేలు తలకు మూరెడు పైన.
బార్లీ ధర పెరిగింది. నది నాలుగు వేళ్ళు తీసింది.
పదమూడు. మబ్బు. చూడలేదు.
పద్నాలుగు. మబ్బు. చూడలేదు."

శని పట్టిందని ఏడ్చేవాళ్ళే ఊరంతా.
శనిని పట్టుకుందామని కూర్చున్నది మా ఇల్లొక్కటే.

పట్టుకోవడమంటే పెద్ద విద్యేం కాదు.
గొర్రెతోలు కప్పుకొని, చాచిన చేతి వేళ్ళతో
చుక్కకూ చుక్కకూ ఎడం కొలవడం,
మట్టి ఆరేలోగా రెల్లుపుల్లతో పొడవడం.
తోచింది రాయకూడదు.
నిన్నటిలాగే ఉండుంటుందిలే అని అసలే రాయకూడదు.
తాత మా నాన్నను కొట్టింది జన్మలో ఒక్కసారి,
మబ్బు రాత్రికి అంకె వేసినందుకు.

ఏభై తొమ్మిదేళ్ళ పలకలు
బుట్టల్లోంచి తీసి నేలంతా పరిచాను,
మోకాళ్ళ మీద పాకుతూ చదివాను.
నడుస్తూ నడుస్తూ తటపటాయించి, నిలబడిపోయి,
ఏదో మరిచి వచ్చినట్టు వెనక్కి మళ్ళి,
మళ్ళీ దారిన పడే శని.
దేవుడి అలక అనుకున్నాం ఇన్నాళ్ళూ.
అలకకు ఇంత లెక్క ఉంటుందా?
మొదటి పలక, చివరి పలక పక్కపక్కన పెట్టాను:
అదే నెల, అదే తేలు, అదే మూర.
లేచి నీళ్ళు తాగి వచ్చి మళ్ళీ చూశాను.

పదహారో రాత్రి దగ్గర మాత్రం ఆగిపోయాను.
"మబ్బు లేదు. చూడలేదు."
అంతే. ఎందుకో రాయలేదు.
చెప్పగల నాయనమ్మ ఇప్పుడు లేదు.
వేళ్ళు మడిచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ పోయాను.
ఆ రాత్రి
మా నాన్న పుట్టాడు.

ఇవాళ పదహారు. మిద్దె ఎక్కాను.
తాత చూడని శని నా ఎదుట ఉంది,
నేను లెక్కగట్టిన చోటికి రెండు వేళ్ళు అవతలగా.
"ఏమిరా ఇద్దిన్, సరిపోయిందా?" కింద నుంచి నాన్న, దగ్గుతూ.
"రెండు వేళ్ళు తేడా" అని పొడిచాను మట్టిలో.
దిద్దలేదు.