లేని చోట్ల పటం

కితాకామి కొండల కింద ఉన్నది గ్రానైటు.
గ్రానైటు మీద ఎర్ర పైన్ చెట్లు,
చెట్ల కింద చివికిన సూదులాకులు,
ఆకుల మీద ఒయికావా తోకుజి రబ్బరు బూట్లు.
వెనక నేను.

మా కాళ్ల కింద, రాతి కడుపులో
ఇరవై కిలోమీటర్ల సొరంగం తవ్వుతారని
నేను కాలేజీలో ఉన్నప్పటి నుంచీ చెబుతున్నారు.
స్టేషను దగ్గరి స్వాగతం బోర్డు
నీలం వెలిసి బూడిదవుతుంటుంది.
ఏటా వేసవిలో మళ్ళీ నీలం పూసేది ఈయనే.
"డబ్బా నాది, నిచ్చెన నాది,
యంత్రం ఒక్కటే మీది" అంటాడు.

యంత్రం ఇంకా లేదు.
లేని యంత్రంలో
ఉందో లేదో తెలియని కణాన్ని వెతకడం నా ఉద్యోగం.
మా అమ్మ ఇరుగుపొరుగుకి
"కంప్యూటరు పని" అని చెప్పి ఊరుకుంటుంది.

నిన్న రాత్రి సెందాయ్‌లో
ఇరవై లక్షల తాకిడులు జరిపించాను.
ఒక్కటీ జరగలేదు.
ఎలక్ట్రానూ దాని ఎదురుకణమూ
ఢీకొని తమను తాము చెరిపేసుకుంటే
ఆ ఖాళీలోంచి కవలలు పుట్టాలి.
ఒకటి ధనం, ఒకటి ఋణం.
కలిపితే సున్నా;
ప్రకృతి ఎవరికీ బాకీ ఉండదు.

"ఎంత బరువు?" అన్నాడు తోకుజి
వేళ్ళ దగ్గర ఆకులు పక్కకు జరుపుతూ.
తెలీదు.
"ఎంతసేపుంటుంది?"
రెప్ప వేద్దామన్న ఆలోచన పుట్టేలోపు పోతుంది.
"పోయి?"
ఒక ముక్క మా కళ్ళ ముందు విరుగుతుంది.
ఇంకో ముక్క గోడల్ని, కొండని, మనల్ని దాటి
ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోతుంది.
అప్పుడు లెక్క ఒక పక్కకి ఒరుగుతుంది.
ఆ ఒరుగుడే మాకు ఆధారం.

ఆయన తల ఊపాడు. నమ్మాడో, మర్యాదో.

విద్యుత్తున్న మూలకణాలు మాకు తెలిసినంతలో
అన్నీ బొంగరాలే.
ఇదొక్కటీ పిడుగు మింగి
కదలక కూర్చున్నది,
తాడు చుట్టడానికి చోటు లేనిది.
దీనికి అన్న ఒకడున్నాడు, విద్యుత్తు లేనివాడు.
వాడు దొరికిన రోజు నాకు పందొమ్మిదేళ్ళు.
టీవీలో ముసలి శాస్త్రవేత్తలు కళ్ళు తుడుచుకున్నారు.
అప్పటి నుంచీ వాడు ఒంటరి.
తోబుట్టువులున్నారా అని
వాణ్ణి వంద రకాలుగా అడిగాం.
పెదవి విప్పడు.

"ఇక్కడ లేదు" అన్నాడు తోకుజి.
ఇంకో చెట్టు. "ఇక్కడా లేదు."
తెగులు సోకి తుప్పురంగు తేలిన పైన్ కింద
వంగను కూడా వంగలేదు.

"మా నాన్న మాత్సుతాకే దొరికే చోటు
పోయేదాకా ఒక్కటీ చూపించలేదు.
ఏడు శరత్తులు వెంట తిప్పుకుని
దొరకని చోట్లే చూపించాడు.
మిగిలింది నువ్వే చూసుకో అన్నాడు."

నేను నడక ఆపేశాను.
నా పత్రంలో నాలుగో బొమ్మ అదే కదా.
ఆకుపచ్చ నింపిన మేర: ఇంత బరువు లోపు లేదు.
పాత యంత్రాలు ఏళ్ళు పోసి
అంగుళం అంగుళం కొన్న "లేదు"లు.
అంచు అవతల తెల్ల కాగితం.
యంత్రం శక్తిలో సగాన్ని మించి బరువుంటే
కవలలు అసలు పుట్టనే పుట్టరు.
అదీ రాశాను,
కాస్త చిన్న అక్షరాల్లో.

మధ్యాహ్నం ఒక బండ దగ్గర
"షిహో, నువ్విక్కడే కూర్చో" అని
చెట్ల వెనక్కి వెళ్ళాడు.
అన్నం ముద్ద విప్పి తింటూ
పొగమంచు కిందికి దిగడం చూశాను.
గంట తర్వాత వచ్చాడు.
బుట్ట మీద ఫెర్న్ ఆకులు మూత.
ఏమీ చెప్పలేదు. నేనూ అడగలేదు.

దిగుతున్నప్పుడు
ఆయన కుడి భుజం ఎడమ దానికన్నా
రెండు వేళ్ళు కిందికుంది.
పొద్దున అలా లేదు.

"వచ్చే వేసవికి నిచ్చెన పట్టుకోవాలి,
మోకాళ్ళు వణుకుతున్నాయి" అన్నాడు.
సరేనన్నాను,
భుజం మీంచి కళ్ళు తిప్పకుండా.