తెల్ల కట్టు

మంగళవారం రాత్రి పదకొండున్నరకు
షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో
టైర్ల గోదాం వెనక బండి ఆపుతాం.
ముందు లైట్లు ఆర్పుతాడు హుమైద్.
మొదటి వారమే నేను పెట్టిన షరతు:
సైరన్ వద్దు, టోపీ వద్దు,
నేను పిలిచేదాకా బండి దిగొద్దు.
టోపీ తీసి డాష్‌బోర్డు మీద పెట్టి
"నువ్వు నర్సువా, ఆఫీసరువా" అని నవ్వుతాడు.
బూట్లు మాత్రం విప్పలేడు కదా.
ఆ బూట్ల చప్పుడు
ఇక్కడ అందరికీ నిద్రలో కూడా తెలుసు.

గోడ వెంట అట్టలు. అట్టల మీద మనుషులు.
ఏసీల నుంచి కారే నీళ్ల కింద
ఒక పెయింటు డబ్బా,
అదే స్నానం, అదే వజూ, అదే బట్టలుతుకుడు.
ఆగస్టు గాలి తడిబొంతలా మీద పడుతుంది.
ముందుగా మాట విసురుతాను,
రాయి కాదని తెలిసేలా, మెల్లగా:
"అన్నా, మందులు తెచ్చిన. ఎవలన్నా ఉన్నరా?"
తెలుగు వినపడితే
చీకటి ఒక్కసారి దగ్గుతుంది.

లింబాద్రి అట్లా దొరికాడు నాకు.
కమ్మర్‌పల్లి అవతల ఊరు. వచ్చి పదకొండేండ్లు,
కంపెనీ మూతబడి నాలుగు.
"కల్లివెల్లి అయిన చెల్లె" అన్నాడు,
జ్వరమొచ్చిందన్నంత మామూలుగా.
ఎడమ మడమలో పుండు,
లోపల ఏముందో చెప్పని నోరు.
షుగరు మిషను మూడువందల ఎనభై చూపింది.
"చాయ్‌ల చక్కెర బందు పెట్టు" అన్నాను.
"ఆ చాయ్ తోనే కదా కడుపు నింపుడు."
దానికి నా సంచిలో మందు లేదు.

ఫారంలో మొదటి గడి పేరు,
రెండోది బతాకా నంబరు.
"పుండుకు పేరెందుకు?"
నిజమే. నేను రాసుకున్నది ఇంతే:
ఎడమ మడమ. నాలుగు సెంటీమీటర్లు.
హుమైద్ టార్చి పట్టుకున్నాడు
వెలుగు కాలి మీదే నిలిపి,
ముఖం వైపు ఒక్కసారీ ఎత్తకుండా.
వాళ్ల నాయనకూ షుగరేనట, బొటనవేలు తీసేశారట,
తిరుగుదారిలో చెప్పాడు, నేనడగకుండానే.

ఐదు మంగళవారాలు.
పుండు అంచున పాల మీద మీగడ కట్టినట్టు
కొత్త తోలు.
పిలిచి చూపించాను. "మాషా అల్లా" అన్నాడు,
పోలీసు గొంతు కాని గొంతుతో.

ఆరో వారం అట్ట ఖాళీ.
శనివారం వేరే జీపులొచ్చాయట,
టోపీలతో సహా.
కాళ్లున్నవాళ్లు గోడ దూకారు.
లింబాద్రి ట్రక్కు కింద దూరాడు,
నల్లటి మనిషి, నల్లటి నూనె మరకల మీద,
ఎవరికీ కనపడని చోట.
కట్టు ఒక్కటే కనిపించింది.
నేను కట్టింది. తెల్లగా, శుభ్రంగా,
మూల మడిచి, పిన్ను పెట్టి.

ఈ సంగతి చెప్పింది హుమైద్ కాదు.
బర్కత్ అనే పెషావరీ, తన మోచేతి కట్టు మీద
గ్రీజు పూసుకుంటూ చెప్పాడు.
బండిలో అడిగాను, "నువ్వున్నావా ఆ జట్టులో?"
"లేను."
చాలాసేపటికి,
"జాబితా టైపు చేసింది నేనే."
రోలా సిగ్నల్ దాకా ఇంకో మాట లేదు.

జైలు ఆసుపత్రికి ఫోన్ చేశాను.
పేరడిగారు, చెప్పాను.
నంబరడిగారు.
ఎడమ మడమ, అన్నాను, రెండు సెంటీమీటర్లకు తగ్గింది,
రోజు విడిచి రోజు మార్చాలి, తడవనివ్వొద్దు.
అవతల రాసుకుంటున్న చప్పుడు
విన్నానో, విన్నాననుకున్నానో.

ఇప్పుడు నా సంచిలో
దూది, సెలైను, పట్టీలు,
వాటి అడుగున మూడు డజన్ల నల్ల సాక్సులు.
స్టోరు లెక్కలో ఏమని రాయాలో తెలియక
ఇతరములు అని రాశాను.
రసీదు మీద సంతకం నాది కాదు,
కుడి నుంచి ఎడమకు ఉంది.

కట్టు కట్టి, పైన సాక్సు తొడుగుతాను.
హుమైద్ నాలుగడుగులు వెనక్కి వేసి
టార్చి వేస్తాడు, ఆర్పుతాడు, మళ్లీ వేస్తాడు.
గోడను, డబ్బాను, అట్టలను
ఇద్దరం కళ్లు చికిలించి వెతుకుతాం.
కాలు కనపడదు.
"ఖలాస్" అంటాడు,
బండి దగ్గరికి నడుస్తాడు
బూట్లు చప్పుడు కాకుండా.