నూట నలభైమూడో మెట్టు

ఎర్రగెడ్డ కొండకి రెండొందల పన్నెండు మెట్లు.
లెక్కపెట్టింది నేనే,
మొదటిసారి ఓటడగడానికి వచ్చినప్పుడు
చెప్పులు చేత్తో పట్టుకొని.

అప్పుడు వార్డు మహిళలకి రిజర్వయింది.
పోస్టర్లో నా మొహం, పక్కన మావారి మీసం.
ఈసారి మీసం లేదు.
ఆయన ఇంట్లో అలిగి పడుకున్నారు.
జీపు మీద మైకు ఒక్కటే నన్ను నమ్మి అరుస్తోంది:
మన వార్డు అభివృద్ధి ప్రదాత
గండ్రేటి కనకరత్నం గారు, కనకరత్నం గారు, కనకరత్నం గారు...
జీపు మెట్లెక్కదు.
టీకొట్టు దగ్గరే ఆగి
సముద్రానికి చెప్పుకుంటోంది.

కరపత్రం నేనే రాయించాను.
పద్దెనిమిది వీధిదీపాలు, రెండు బోర్లు,
కమ్యూనిటీ హాలుకి రంగు, గెడ్డ మీద కల్వర్టు,
మెట్లకి ఇనప రెయిలింగు.
ఎంతవరకు అని రాయలేదు.
"పూర్తి అని చేర్చమంటారా మేడం?" అన్నాడు డీటీపీ కుర్రాడు.
వద్దన్నాను.
అంతమాత్రం సిగ్గు మిగిలింది.

నూట నలభైమూడో మెట్టు దగ్గర ఇనుము ఆగిపోతుంది,
నరికిన చెరుకుగడలా.
ఎవరికీ గుచ్చుకోకుండా
పిల్లలు దాని మొనకి కొబ్బరిచిప్ప తొడిగారు.
ఆపైన అరవైతొమ్మిది మెట్లూ సర్వే నంబరు దాటినవి.
పట్టా లేని కొండ. కాగితాల్లో రాళ్ళూ పొదలూ.
ఆ రాళ్ళకీ పొదలకీ
ఓటర్ల జాబితాలో మాత్రం డోర్ నంబర్లున్నాయి.
నాకు మొదటి ఏడే తెలుసు ఈ సంగతి.
వచ్చే ఏడు అన్నాను. మళ్ళీ వచ్చే ఏడు అన్నాను.

చిట్టచివరి ఇల్లు పైడమ్మది.
అక్కణ్ణించి విశాఖ ఎంత బాగుంటుందో
కరపత్రం మీద ఫొటో వేశాం.
కొంగుతో అరుగు తుడిచింది, కొంగంతా నల్లబడింది.
పోర్టు బొగ్గుకి ఏ మెట్లూ అక్కర్లేదు.
"కూకో తల్లీ, ఆయాసం తీరనీ.
ఓటెక్కడికి పోద్ది?"

మూలన ఫ్రిజ్జు. పక్కన సొట్ట, తలుపుకి తాడు.
నా చూపు పట్టేసింది.
"మా గుంటడు కొన్నాడమ్మా, కాంట్రాక్టు డబ్బులొచ్చినప్పుడు.
నలుగురు మోసుకొచ్చేరు.
నీ ఇనుమున్నంత దాకా బాగానే వచ్చింది.
ఆపైన పట్టుకోడానికి ఏటీ నేదు కదా.
ఒకడి కాలు జారింది, గెడ్డలోకి దొర్లిపోనాది.
మనిషి పోనేదు, అదే పదివేలు."

కరెంటు పెడితే మూలుగుతుందట, చల్లబడదట.
తాడు విప్పింది.
బియ్యం. ఎండుచేపల మూట. రేషన్ కార్డు.
కింది అరలో, నాలుగు మడతలతో,
ఐదేళ్ళ కిందటి నా కరపత్రం.
"పారెయ్యలేదా?"
"ఇందులో పెడితే ఏదీ పాడవదన్నారు కదా."
నవ్వింది. వెనకున్న కుర్రాళ్ళు నవ్వారు. నేనూ.
ముందు ఆపింది నేనే.

కొత్తది ఇచ్చాను.
కళ్ళజోడు లేదు, నువ్వే చదవమంది.
దీపాలు చదివాను, బోర్లు చదివాను, కల్వర్టు చదివాను.
రెయిలింగు దగ్గర గొంతు పట్టింది.
కుర్రాడి జేబులోంచి కలం తీసుకొని
పక్కన రాశాను: 143వ మెట్టు వరకు.
"ఏటి రాసినావు?"
చెప్పాను. పట్టా సంగతీ చెప్పాను,
ఫైలు ఏ బల్ల మీద ఆగిందో,
అది కదలదని నాకెప్పుడు తెలిసిందో అదీ.

పైడమ్మ చాలాసేపు మాట్లాడలేదు.
కింద మైకు నా పేరుని మళ్ళీ మూడుసార్లు చేసింది.
"ఇదేదో అప్పుడే చెప్పుంటే
మేమే ఓ తాడు కట్టుకుందుం కదమ్మా" అంది.

కాగితం మడిచి పాతదాని మీద పెట్టింది.
వేస్తాననలేదు. వెయ్యననీ అనలేదు.
తలుపు మూసి తాడు బిగించింది, రెండు ముడులు.

దిగుతుంటే నా చెయ్యి గాల్లో తడుముకుంటోంది.
సంచిలో ఇంకా నాలుగొందల కరపత్రాలు,
కలం ఒక్కటే.
"అన్నింటి మీదా రాయాలా మేడం?" అన్నాడు కుర్రాడు.
ముందు కాలు చూసి పెట్టరా అన్నాను.
ఇనుముకి ఇంకా ఇరవై మెట్లుంది.