నీటిబిళ్ళ

హోరస్ గోటుబెడ్.
ఇంటిపేరుకి అర్థం "పోయి పడుకో".
ఇంగ్లండు తూర్పున, సముద్రం కన్నా పల్లంలో ఉన్న ఆ నల్లమట్టి సీమలో
అదేం నవ్వులాట పేరు కాదు,
చర్చి గోడవార పది సమాధుల మీద ఉంది.
నలభై ఏళ్ళు పంపుహౌసులో రాత్రి కాపలా కాసినవాడికి మాత్రం
ఎన్నడూ అచ్చిరాలేదు.

అక్కడ నీరు పల్లానికి పారదు.
పొలం కింద, కాలువ దానిపైన, నది ఆ పైన.
వాన కురిసినప్పుడల్లా డీజిలు పోసి
నీటిని మెట్లెక్కించాలి.
ఒక్క వారం ఇంజను ఆగితే
బంగాళాదుంపలు ఈదుకుంటూ పోతాయనేవాడు.

డెబ్బై దాటాక కాళ్ళకు నీరు పట్టింది.
వేలితో నొక్కితే సొట్ట,
ఎంతసేపటికీ లేవని సొట్ట.
"గుండె తోడలేకపోతోంది, అదీ ఒక పంపే కదా" అన్నాడు డాక్టరు.
పంపు సంగతి నాకు చెబుతున్నాడు చూడు అనుకుని
హోరస్ మేజోళ్ళు పైకి లాక్కున్నాడు.

మందులషాపులో థెల్మా సెచెల్
"వాటర్ టాబ్లెట్లు" అని ఇచ్చింది. అక్కడ అందరూ అనే మాటే.
"నీళ్ళు పోసేవా, తోడేవా?"
"తోడేవే. తలనొప్పి మాత్ర తలనొప్పిని పోగొట్టదూ? అలాగ."
"మరి నిద్రమాత్ర?"
థెల్మా చిల్లర లెక్కపెట్టడం మొదలెట్టింది.

కంపెనీ పెట్టిన పేరు లేసిక్స్.
లాస్ట్స్ సిక్స్, ఆరు గంటలు నిలుస్తుందని అలా పెట్టారంటారు.
ఆ ఆరు గంటల్లో హోరస్ ఊరి బస్సు ఎక్కిన పాపాన పోలేదు.
చవక డబ్బా మీద ఉండేది మాత్రం ఫ్రూసమైడ్.
ఆ పేరు మొదట్లో లాటిను తవుడు ఉందని,
తవుడులోంచి తీసిన ఏదో నూనె వంశమని,
థెల్మాకి చదువుకునే రోజుల్లో ఎవరో చెప్పారు.
"తవుడు పందులకి పెట్టేవాళ్ళం" అన్నాడు హోరస్.

తర్వాతొక ఏడు పైనుంచి ఉత్తరువు వచ్చింది,
అన్ని దేశాల్లోనూ ఒకే పేరుండాలని.
ఫ్రూసమైడ్ ఇకమీదట ఫ్యూరోసమైడ్.
మన రాతలో చెప్పాలంటే
'ఫ' కాళ్ళ దగ్గర ముడుచుకున్న క్రావడి
లేచి వచ్చి పక్కన కుర్చీ వేసుకుంది.
అంతే.

"ఇదీ అదే" అని థెల్మా డబ్బా మీద చీటీ అంటించింది.
చీటీయే ఊడిందో, కళ్ళద్దాలే ఎక్కడ మరిచాడో.
అల్మరాలో పాత డబ్బా ఇంకా సగం ఉంది.
పొద్దున్నే ఒక ఫ్రూసమైడ్.
టీ తాగాక ఒక ఫ్యూరోసమైడ్.
పదకొండు రోజులు.

కాళ్ళు సన్నబడ్డాయి. మురిసిపోయాడు.
పెళ్ళినాటి బూట్లు మళ్ళీ పట్టాయి.
పన్నెండో రోజు కాలువగట్టు మీద
ఆకాశం ఓ పక్కకి ఒరిగింది.
నాలుక అట్టముక్క. పిక్కల్లో ఎవరో తాడు పేనుతున్నారు.
చక్కెరదుంపల లారీవాడు చూడబట్టి సరిపోయింది.

ఆ నేలా అంతే.
తోడిన కొద్దీ కుంగుతుంది.
తాత మట్టానికి సమంగా దిగ్గొట్టిన ఇనుపగుంజ
ఇవాళ హోరస్ గడ్డాన్ని తాకుతుంది.
గుంజ పెరిగిందనుకునేవాడు చిన్నప్పుడు.

ఆస్పత్రి మంచం పక్కన థెల్మా,
ఒళ్ళో ద్రాక్షపళ్ళ సంచి, ఇవ్వడం మరిచిపోయి.
"అన్నదమ్ములనుకున్నా పిల్లా.
ఇద్దరూ చెరో షిఫ్టు చేస్తున్నారనుకున్నా."
"ఒక్కడే. పేరు మార్చుకున్నాడు."
హోరస్ సెలైను బొట్లు కాసేపు చూశాడు.
"ఈ ఇంటిపేరుతో డెబ్బై ఆరేళ్ళు బతికాను.
నేను మార్చుకున్నానా?"

ఇప్పుడు అతని డబ్బా మీద ఏ పేరూ కనబడదు.
థెల్మా నల్లసిరా చేతిరాత పైనుంచి కిందిదాకా:
పొద్దున. ఒక్కటి.
పేరు దాచడం చట్టం ఒప్పుకోదని ఆమెకి తెలుసు.

పంపుహౌసుకి కరెంటొచ్చింది, కాపలా ఎవరూ లేరు.
రాత్రి రెండింటికి దానంతటదే మొదలవుతుంది.
హోరస్ లేచి కూర్చుంటాడు.
బిళ్ళ వల్ల కాదు.