పొందూరులో ఒక పల్స్

వాలుగ చేప దవడతో
అప్పలనరసమ్మ పిన్ని పత్తి దువ్వుతోంది.
ఎదురుగా నా లాప్‌టాప్‌లో
ప్లాస్మా గుండా ఒక లేజర్ పల్స్.
రెప్పపాటంటే దానికి యుగాలు.

"ఏటి సేత్తాదే ఆ ఎలుగు?"

ఎలక్ట్రాన్లను పక్కకి తోసేస్తుంది పిన్నీ,
నడుమ నెమ్మదిస్తుంది, అంచులు తొందరపడతాయి,
అలా లోపలికి వంగి సన్నబడుతుంది,
తన దారి తనే తవ్వుకుంటూ.

"మరీ గట్టిగా లాగితేనో?"

చీలిపోతుంది, పోగులు పోగులుగా.
మూడు వారాలుగా నాకక్కడే తెగుతోంది.

పిన్ని నవ్వలేదు.
రాట్నం ముందుకి జరిగి
పొద్దుట తెగిన కొసకి ఏకు ఆనించి
"సెయ్యి తేలిక సెయ్యే" అంది
నా వేపు చూడకుండానే.

పవర్ కాస్త తగ్గించి
మళ్లీ రన్ కొట్టాను.

కరెంటు పోయింది.
రాట్నం తిరుగుతూనే ఉంది.