నాలుగో భాగం

ఒప్పుకుంటాను డెరెక్,
ఆ మొసలి రబ్బరుదే.
పొట్ట కింద కుట్టు నాకూ కనిపించింది.
విలన్‌కి పగ ఎందుకో రాసినవాడికే తెలియదు.
కొండను తవ్వి ఎలుకను పట్టారని
గ్రిమ్స్‌బీ రేవంతా నవ్వింది. నవ్వనీ.

మొదటి మూడింట్లో కెప్టెన్ బ్రాకెన్
లోయ కనబడితే చాలు, దూకేవాడు.
మనమూ ఐస్ ఫ్యాక్టరీ మెట్ల మీంచి దూకాం,
నీ పన్ను విరిగింది.

నాలుగోదాంట్లో
అంచుదాకా పరుగెత్తుకొచ్చి ఆగాడు.
జేబులో కళ్లద్దాలు వెతుక్కున్నాడు.
కిందికి చూశాడు.
వంతెన ఎటుందో
మేకలు కాసే పిల్లని అడిగాడు.

హాల్లో ఈలలు. ఎవరో పాప్‌కార్న్ విసిరారు.
నువ్వేనేమో.

పదకొండు నిమిషాల నడక.
సంగీతం లేదు. బూట్ల చప్పుడు, గాలి,
ఆ పిల్ల ఆపకుండా చెప్పే మేకల పేర్లు,
అతను ఒక్కొక్కటీ తిరిగి పలకడం.
నిధి సంగతి ఇద్దరూ మరిచారు.
దర్శకుడూ మరిచాడంటావు. సరే.

ఆ ఫిబ్రవరిలోనే
రెండు వేళ్లు వించ్‌కిచ్చి
ట్రాలర్ దిగాను నేను.
మళ్లీ ఎప్పుడెక్కుతావనే అడిగారు అందరూ,
మా నాన్న కూడా.
మూడు పౌండ్ల టికెట్టుకి
ఆ చీకట్లో ఒక్కడే
వెనక్కి తిరగడం ఎలాగో చూపించాడు.

ఐదోదాంట్లో మళ్లీ దూకించారు.
మీరంతా లేచి చప్పట్లు కొట్టారు.
నేనూ కొట్టాను, మిగిలిన ఎనిమిదితో.
బాగానే ఉంది, కాదనను.

కానీ ఆ మేకల పేర్లు
ఇప్పటికీ వరసగా చెప్పగలను.
అడుగు.