ఐ డోంట్ మైండ్

హెక్సమ్‌లో మతిమరుపు పరీక్షల గది.
"ఇందాక చెప్పిన మూడు మాటలు మళ్ళీ చెప్పండి"
అన్నాడు దక్షిణాది నుంచి కొత్తగా వచ్చిన డాక్టరు.
"ఐ డోంట్ మైండ్" అంది థామసిన్ ట్వెడిల్.

అభ్యంతరం లేదంటోందనుకుని
చెబుతుందేమోనని అతనాగాడు.
చెప్పేశాను కదా అని ఆమె ఆగింది.
గోడ గడియారం ఒక్కటే మాట్లాడింది.

"గుర్తు లేదంటోంది, డాక్టర్"
తల ఎత్తకుండానే అంది నర్సు జోసీ.
ఆమె నాయనమ్మ మాటా అదే.

ఆ గుట్టల్లో మైండ్ అంటే ఇంకా జ్ఞాపకమే.
అరవై మూడు నాటి మంచు ఆమెకు మైండే:
రాతిగోడ వారన కూరుకుపోయిన గొర్రెల్ని
పొడుగాటి కర్రతో గుచ్చి గుచ్చి వెతుకుతూ నాన్న,
కొసకు మెత్తగా ఏదో తగిలితే
"ఉష్, కదలకు" అనడం.

డాక్టరు సున్నా వేశాడు.
తప్పు అతనిది కాదు.
అతని ఇంగ్లీషులో ఆలోచన మనిషి చేసే పని,
చెయ్యకపోతే మార్కు పోతుంది.
పాత ఇంగ్లీషుకు ఆ దర్జా లేదు.
మీథింక్స్ అనేవాళ్ళు:
నాకు తోస్తోంది, అంతే.
తోచేది ఎక్కడినుంచో వచ్చేది,
తడిసిన కుక్కలా గుమ్మంలో నిలబడేది.
రమ్మంటే రాదు. పొమ్మన్నా అంతే.

కార్ పార్క్‌లో తుంపర.
జోసీ గొడుగు విప్పుతుంటే
థామసిన్ చెయ్యి గాల్లో ఆగిపోయింది,
కర్ర పట్టుకున్నట్టు.

"నిచ్చెన" అంది.

కాసేపటికి,
"కెటిల్."

మూడోదాని కోసం
ఇద్దరూ కదలకుండా నిలబడ్డారు.